ఓక్ మొక్క వెనకాల జెండా

ఈ ఫొటో మీరు ఎక్కడో ఒకచోట చూసే ఉంటారు. చూడకపోతే ఒక్క నిమిషం వెతికి చూసి వచ్చి, తర్వాత ఇది చదవండి. 1936, బెర్లిన్ ఒలింపిక్స్, మారథాన్ పతకాల వేడుక. ముగ్గురు నిలబడి ఉన్నారు. అందరికన్నా పైన ఉన్నవాడు గెలిచినవాడు. 42 కిలోమీటర్ల పైచిలుకు పరిగెత్తి, ప్రపంచంలో అందరికన్నా ముందు వచ్చినవాడు తల ఎత్తుకుని నవ్వాలి కదా! ఇతను నేల చూపులు చూస్తున్నాడు. తల మీద ఆకుల కిరీటం. చేతుల్లో చిన్న కుండీ, అందులో ఒక మొక్క. ఆ మొక్కని ఛాతీకి ఆనించి పట్టుకున్నాడు. మూడో స్థానంలో వచ్చినవాడు కూడా తల వంచుకునే ఉన్నాడు. ఇద్దరినీ చూస్తే పతకం తీసుకోడానికి కాదు, ఎవరినో సాగనంపడానికి వచ్చినట్టుంటారు.

అప్పుడు స్టేడియంలో మోగుతున్న పాట కిమిగాయో, జపాన్ జాతీయ గీతం. పైకి వెళ్తున్న జెండా జపాన్‌ది. ఆ ఇద్దరు కుర్రాళ్ళు మాత్రం కొరియా వాళ్ళు. గెలిచినవాడు సోన్ కీ జంగ్, మూడో స్థానం నామ్ సుంగ్ యాంగ్. సోన్ పట్టుకున్న ఓక్ మొక్క వెనకాల, అతని చొక్కా మీద, జపాన్ ఎర్ర సూర్యుడి బొమ్మ ఉంది. మొక్క దాన్ని కప్పేసింది. అనుకోకుండా కప్పింది కాదు, అతనే కావాలని కప్పాడు.

మ్యాచ్‌కి ముందు జాతీయ గీతం మోగుతుంటే ఎవరి పెదాలు కదిలాయి, ఎవరివి కదల్లేదు అని జూమ్ చేసి చూసే రోజులివి. ఎవరో మోకాలి మీద కూర్చున్నారనో, ఎవరో పాడలేదనో వారం రోజులు గొడవ నడుస్తుంది. ఆ గొడవల్లో ఎవరు రైటో ఇక్కడ తేల్చబోవడం లేదు. కానీ ఆ వాదనలన్నిట్లో ఒక విషయం ముందే ఒప్పేసుకుంటాం: ఆ పాట ఆ ఆటగాడిదే అని. సోన్ దగ్గర ఆ మొదటి లైనే తప్పు. పరుగు తనది, చెమట తనది, పాట మాత్రం తన దేశాన్ని ఆక్రమించినవాళ్ళది. అందుకే అతని కథ రాయాలనిపించింది.

సోన్ 1912లో సినుయిజు అనే ఊళ్ళో పుట్టాడు. యాలూ నది ఒడ్డున ఉంటుంది, అవతలి గట్టు చైనా. జపాన్ 1910లో కొరియాని తనలో కలిపేసుకుంది. అంటే సోన్ పుట్టేసరికే అతని దేశం మ్యాపులో లేదు. ఇంట్లో డబ్బులు లేవు. డబ్బు లేని పిల్లాడు ఆడగలిగే ఆటలు చాలా తక్కువ, వాటిలో పరుగు ఒకటి. దానికి బ్యాట్ అక్కర్లేదు, గ్రౌండ్ అక్కర్లేదు. నది గట్టు ఉంటే చాలు. ఈ పరుగు పిచ్చితో చదువు మానేస్తాడని భయపడి వాళ్ళమ్మ కావాలని ఆడవాళ్ళ రబ్బరు చెప్పులు తొడిగేదనీ, అవి జారిపోతుంటే తాడుతో కాళ్ళకి కట్టుకుని మరీ పరిగెత్తేవాడనీ ఒక కథ చెబుతారు. కాస్త సినిమా కథలా ఉందని నాకూ తెలుసు. కానీ మనందరి అమ్మల్నీ తలుచుకుంటే నమ్మబుద్ధేస్తుంది.

తర్వాత సియోల్‌లోని యాంగ్‌జాంగ్ స్కూల్లో చేరాడు. పరుగుకి పేరున్న స్కూలు అది. అక్కడి నుంచి కథ వేగం అందుకుంటుంది. 1935 నవంబర్‌లో టోక్యోలో 2 గంటల 26 నిమిషాల 42 సెకన్లలో మారథాన్ పూర్తి చేశాడు. అప్పటికి ప్రపంచంలో అంత తక్కువ టైంలో ఎవరూ పరిగెత్తలేదు. అది 12 ఏళ్ళు నిలబడిన రికార్డు. దాన్ని ఎవరు కొట్టారో ముందుకెళ్తే చెబుతాను, అది ఇంకా బావుంటుంది.

ప్రపంచ రికార్డు ఉన్నవాడిని ఒలింపిక్స్‌కి పంపడానికి ఆలోచించాల్సిన పనేముంటుంది? కానీ ఆలోచించారు. సెలెక్షన్ పరుగులో నామ్ మొదట, సోన్ రెండోవాడిగా వచ్చారు. ఉన్నవి మూడు స్థానాలు. అందులో రెండు కొరియా వాళ్ళకి వెళ్ళడం జపాన్ అధికారులకి మింగుడు పడలేదు. నలుగురిని బెర్లిన్ తీసుకెళ్ళి, అక్కడ మళ్ళీ ఒక పరుగు పెట్టి ఎవర్ని తీసేయాలో తేల్చుకున్నారు. సైబీరియా మీదుగా రోజుల తరబడి రైల్లో ప్రయాణం చేసి వచ్చినవాళ్ళకి, అసలు పోటీ ఇంకొన్ని రోజుల్లో ఉండగా, ఇంకో పరుగు! మెరిట్ లిస్టులో పైన పేరున్నా మళ్ళీ ఇంటర్వ్యూ పెట్టి వడకట్టే పద్ధతి మనకేం కొత్త కాదు కాబట్టి వివరించక్కర్లేదు. సోన్, నామ్ ఇద్దరూ నిలబడ్డారు.

ఆగస్టు 9, మధ్యాహ్నం 3 గంటలకి పరుగు మొదలైంది. 56 మంది. స్టేడియంలోంచి బయటికెళ్ళి, గ్రూన్‌వాల్డ్ అడవి పక్కనుంచి, హావెల్ నది వెంట సాగి, వెళ్ళిన దారిలోనే తిరిగి రావాలి. అర్జెంటీనా వాడైన జబాలా, 1932 ఒలింపిక్ విజేత, మొదట్లోనే దూసుకెళ్ళిపోయాడు. సోన్ కూడా వెంటపడేవాడే. పక్కనే పరిగెత్తుతున్న బ్రిటన్ రన్నర్ ఎర్నీ హార్పర్ వాణ్ణి పోనీయమన్నాడు, వాడు ఇలా ఎక్కువసేపు పరిగెత్తలేడని సైగ చేశాడు. ఇద్దరికీ ఒకరి భాష ఒకరికి రాదు. పైగా పోటీదారులు. అయినా చెప్పాడు, ఇతను విన్నాడు. ఈ కథ మొత్తంలో నాకు బాగా నచ్చిన మనిషి హార్పరే. జబాలా నిజంగానే అలిసిపోయాడు, వెనకబడ్డాడు, 30 కిలోమీటర్లు దాటాక పోటీలోంచే తప్పుకున్నాడు. అప్పటికి సోన్ ముందుకెళ్ళిపోయాడు.

స్టేడియంలోకి మొదట అడుగుపెట్టింది సోనే. ఛాతీ మీద 382 నంబరు. కాళ్ళకి బొటనవేలు విడిగా ఉండే జపాన్ రకం బూట్లు. చివరి వంద మీటర్లూ స్ప్రింటర్‌లా పరిగెత్తాడు. 2 గంటల 29 నిమిషాల 19 సెకన్లు, కొత్త ఒలింపిక్ రికార్డు. లెనీ రీఫెన్‌స్టాల్ తీసిన ఒలింపియా సినిమాలో ఈ పరుగు ఉంది. ఆ సినిమా నాజీల కోసం తీసింది, ఆ సంగతి గుర్తుపెట్టుకునే చూడాలి. కానీ ఆ నీడలు, ఆ కాళ్ళు, తన కాళ్ళకేసే చూసుకుంటూ పరిగెత్తే సోన్... చూడండి. గెలిచాక చేతులు పైకెత్తడు, ఎగరడు. హార్పర్ రెండు నిమిషాల తర్వాత రెండోవాడిగా వచ్చాడు, అతని వెనకాలే నామ్.

తర్వాత మొదట్లో చెప్పిన ఫొటో. పాట మోగుతున్నంతసేపూ ఇద్దరూ తలలు ఎత్తలేదు. గెలిచినవాళ్ళకి ఓక్ మొక్క ఇవ్వడం ఆ ఒలింపిక్స్ పద్ధతి. మొదటి స్థానానికి మాత్రమే ఇస్తారు. నామ్ చాలా ఏళ్ళ తర్వాత ఒక మాట చెప్పుకున్నాడు: తనకి అసూయ కలిగింది సోన్ బంగారు పతకాన్ని చూసి కాదట, ఛాతీ మీద జెండాని కప్పుకోడానికి అతని చేతిలో ఒక మొక్క ఉన్నందుకట. ఈ ఒక్క వాక్యం చదివాక నేను ల్యాప్‌టాప్ మూసేసి కాసేపు ఊరికే కూర్చున్నాను.

మామూలుగా జాతీయ గీతం మోగేటప్పుడు చేయగలిగే నిరసనలు తక్కువ. సోన్ పాట ఆపలేడు, పోడియం దిగిపోలేడు. దిగితే ఇంటి దగ్గర ఉన్నవాళ్ళ పరిస్థితి ఏమిటి? కాబట్టి చేతిలో ఉన్న వస్తువుతో, ఒక్క వేలెడు ఎత్తు తేడాతో, చేయగలిగింది చేశాడు.

పోడియం మీదే కాదు, కాగితం మీద కూడా. ఒలింపిక్ రికార్డుల్లో అతని పేరు కిటెయ్ సోన్. ఇది వేరే పేరు కాదు. కొరియా, జపాన్ రెండూ చైనా అక్షరాలు వాడతాయి, అతని పేరులోని మూడు అక్షరాలూ అవే. కొరియా వాడు చదివితే సోన్ కీ జంగ్, జపాన్ వాడు చదివితే కిటెయ్. మన భాషలో చెప్పాలంటే, బైట్లు అవే, డీకోడింగ్ వేరు. అందుకని బెర్లిన్‌లో ఎవరు ఆటోగ్రాఫ్ అడిగినా అతను చైనా అక్షరాల్లో రాసేవాడు కాదు. కొరియా లిపి హంగుల్‌లో రాసేవాడు. దాన్ని జపాన్ పద్ధతిలో చదవడం కుదరదు. కొన్నిసార్లు పక్కనే కొరియా మ్యాప్ కూడా గీసేవాడు. అడిగిన విలేఖరులందరికీ తాను కొరియా వాణ్ణే అని చెప్పాడు, మర్నాడు పేపర్లలో మాత్రం జపాన్ అనే పడింది.

తెలుగులో మాట్లాడితే ఫైన్ వేసే స్కూల్లో చదువుకున్నాను నేను. పది రూపాయలు. అది ఆక్రమణ కాదు, ఫీజు కట్టి మరీ చేర్పించారు, కాబట్టి పోల్చను. కానీ సొంత లిపిలో సంతకం పెట్టాలని ఒకడికి ఎందుకంత పట్టుదల ఉంటుందో మాత్రం సులువుగానే అర్థమైంది. 1940లో జపాన్ కొరియా వాళ్ళందరినీ జపాన్ తరహా పేర్లు పెట్టుకోమని ఒత్తిడి తెచ్చింది. స్కూళ్ళలో కొరియా భాష అప్పటికే అణగిపోయింది. అంటే సోన్ సంతకాలు పెట్టే నాటికి ఆ లిపి నిజంగానే ప్రమాదంలో ఉంది.

ఇక్కడ మన సంగతి ఒకటి చెప్పాలి. అదే ఒలింపిక్స్, అదే నగరం, ఆరు రోజుల తేడా. ఆగస్టు 15న హాకీ ఫైనల్లో ధ్యాన్‌చంద్ జట్టు జర్మనీని 8-1తో ఓడించింది. వాళ్ళు ఆడింది కూడా బ్రిటిష్ ఇండియా పేరు మీదే. మ్యాచ్‌కి ముందు డ్రెస్సింగ్ రూంలో పంకజ్ గుప్తా కాంగ్రెస్ మూడు రంగుల జెండా బయటికి తీశాడు. ఆటగాళ్ళందరూ దానికి సెల్యూట్ చేసి గ్రౌండ్‌లోకి వెళ్ళారు. ఆ జెండా కథ మొదలైంది మన బెజవాడలోనే, 1921లో పింగళి వెంకయ్య గాంధీకి ఇచ్చిన నమూనాతో. పాట సంగతి కూడా చెప్పేస్తాను: 1919లో ఠాగూర్ మదనపల్లె కాలేజీలో ఉన్నప్పుడు జనగణమనని ఇంగ్లీషులోకి మార్చుకున్నాడు, మార్గరెట్ కజిన్స్ స్వరాలు రాసిపెట్టింది. మనవాళ్ళకి తలుపు వేసుకుని సెల్యూట్ చేయడానికి ఒక గది దొరికింది. సోన్‌కి దొరికిందల్లా బెర్లిన్‌లో కాపురముంటున్న ఒక కొరియా మనిషి ఇల్లు. అతను 1909లో ఇటో హిరోబుమిని కాల్చి చంపిన ఆన్ జుంగ్ గున్‌కి బంధువు. ఆ ఇంటి గోడ మీదే సోన్ తన దేశపు జెండాని, తేగుక్గీని, మొదటిసారి చూశాడు. ఇరవైల వయసులో, పరాయి దేశంలో.

సియోల్‌లో జరిగింది ఇంకో కథ. కొరియా భాషలో వచ్చే డాంగా ఇల్బో పేపర్ ఆగస్టు 25న సోన్ ఫొటో వేసింది. అందులో అతని ఛాతీ మీద ఎర్ర సూర్యుడు లేడు. విలేఖరి ఈ గిల్ యాంగ్, చిత్రకారుడు ఈ సాంగ్ బోమ్, ఇంకొందరు కలిసి దాన్ని చెరిపేశారు. ఫొటోషాప్ లేదు, బ్రష్‌తో చేసిన పని. అంతకు ముందే ఇంకో పేపర్ కూడా ఇలాగే చేసిందిగానీ, ప్రింటింగ్ నాసిగా ఉండటంతో అధికారులు వెంటనే పట్టుకోలేకపోయారు. డాంగా ఇల్బో ప్రింట్ బాగుంది, దొరికిపోయింది. విలేఖరుల్ని అరెస్టు చేసి హింసించారు, పేపర్‌ని సుమారు 9 నెలలు మూయించారు. సోన్ మొక్కతో కొంచెం సేపు దాచిన జెండాని వాళ్ళు శాశ్వతంగా తీసేద్దామనుకున్నారు. దానికి జైలు పడింది.

సోన్ తిరిగొచ్చేసరికి ఊరేగింపులు లేవు, చుట్టూ పోలీసులున్నారు. తర్వాత టోక్యోలోని మెయిజీ యూనివర్సిటీలో సీటు ఇచ్చారు, ఒక షరతు మీద: ఇక పరిగెత్తకూడదు. ప్రపంచ రికార్డు ఉన్నవాడు, ఒలింపిక్ విజేత, వయసు ఇరవైల్లోనే. అతని పరుగు అక్కడితో అయిపోయింది.

ఇక్కణ్ణుంచి ఆయన అని రాస్తాను. ఇప్పటిదాకా మన వయసు కుర్రాడిలా అనిపించి అతను అనేశాను.

1945లో జపాన్ ఓడిపోయింది, కొరియాకి విడుదల దొరికింది, వెంటనే రెండు ముక్కలూ అయింది. సోన్ పుట్టిన సినుయిజు ఉత్తరం వైపు ఉండిపోయింది. ఆయన దక్షిణాన కోచ్ అయ్యారు. 1947లో శిష్యుడు సో యున్ బోక్‌ని బోస్టన్ మారథాన్‌కి తీసుకెళ్ళారు. 2 గంటల 25 నిమిషాల 39 సెకన్లతో సో గెలిచాడు. గురువు గారి 12 ఏళ్ళ రికార్డు కొట్టింది ఇతనే. ముందుకెళ్తే చెబుతానన్నది ఇదే. ఆ పరుగులో నామ్ కూడా ఉన్నాడు, ముప్పై దాటిన వయసులో. 1950 బోస్టన్‌లో అయితే మొదటి మూడు స్థానాలూ కొరియా వాళ్ళవే. రెండు నెలలు దాటీ దాటగానే కొరియా యుద్ధం మొదలైంది. బొమ్మలో జెండా చెరిపిన విలేఖరి ఈ గిల్ యాంగ్‌ని ఆ యుద్ధంలోనే ఉత్తరానికి పట్టుకుపోయారు.

ఆ మధ్యలో 1948 లండన్ ఒలింపిక్స్. ప్రారంభ వేడుకలో దక్షిణ కొరియా జెండా పట్టుకుని నడిచింది సోన్ గారే. తమాషా ఏంటంటే వేడుక జూలై 29న, దక్షిణ కొరియా ప్రభుత్వం ఏర్పడింది ఆగస్టు 15న. దేశం కంటే జెండా రెండు వారాలు ముందు నడిచింది.

ఆయనకి రావాల్సిన బహుమతి ఒకటి బెర్లిన్‌లోనే ఉండిపోయింది. మారథాన్ విజేతకి ఇవ్వమని ఒక గ్రీకు పత్రిక పురాతన కంచు శిరస్త్రాణం ఒకటి పంపింది. క్రీస్తు పూర్వం ఆరో శతాబ్దం నాటిది, ఒలింపియా తవ్వకాల్లో దొరికింది. అమెచ్యూర్లు విలువైన వస్తువులు తీసుకోకూడదన్న రూలు చెప్పి ఆయనకి ఇవ్వలేదు. అది బెర్లిన్ మ్యూజియంలో దశాబ్దాలు కూర్చుంది. 1986లో, సరిగ్గా 50 ఏళ్ళకి, ఆయన చేతికొచ్చింది. ఆయన దాన్ని ఇంట్లో పెట్టుకోలేదు, కొరియా జాతీయ మ్యూజియానికి ఇచ్చేశారు. ఆ దేశపు అధికారిక నిధుల జాబితాలో దాన్ని 904వదిగా చేర్చారు. ఒక గ్రీకు వస్తువు, కొరియా నిధి.

బెర్లిన్ స్టేడియంలో విజేతల పేర్లు చెక్కిన రాతి పలక ఉంది. 1970లో పార్క్ యాంగ్ రోక్ అనే కొరియా పార్లమెంటు సభ్యుడు రాత్రిపూట లోపలికెళ్ళి, ఉలితో సోన్ పేరు పక్కన ఉన్న జపాన్ తీసేసి కొరియా అని చెక్కేశాడు. ఎంపీ! ఉలితో! జర్మనీ వాళ్ళు వారెంట్ తీశారు, పలకని మళ్ళీ జపాన్‌గా మార్చేశారు. ఒలింపిక్ లెక్కల్లో ఆ బంగారం ఈ రోజుకీ జపాన్ ఖాతాలోనే ఉంది. చరిత్రని మార్చకూడదన్న వాదన ఒకటుంది, అది పూర్తిగా తప్పని నేననను. కానీ ఆ పలక మీద ఉన్నది చరిత్రా, లేక ఆ రోజు ఎవరి చేతిలో ఫారం ఉంటే వాళ్ళు నింపిన డేటానా?

1988లో ఒలింపిక్స్ సియోల్‌కే వచ్చాయి. ప్రారంభ వేడుకలో జ్యోతి పట్టుకుని స్టేడియంలోకి వచ్చింది 76 ఏళ్ళ సోన్. ఆ వీడియో కూడా వెతకండి. ముసలాయన నడవడు, పరిగెత్తుతాడు, మధ్యమధ్యలో చిన్నపిల్లాడిలా ఎగురుతాడు. 1936 ఫొటోలో వంగిన ఆ తల, ఇక్కడ గెంతుతున్న ఈ మనిషీ ఒకరే అంటే నమ్మలేం. నాలుగేళ్ళకి బార్సిలోనాలో హ్వాంగ్ యాంగ్ జో మారథాన్ గెలిచాడు, చివరి కొండ ఎక్కుడులో జపాన్ రన్నర్ మోరిషితాని వెనక్కి నెట్టి. తేదీ ఆగస్టు 9. అదే తేదీ, 56 ఏళ్ళ తర్వాత. సోన్ ఆ స్టేడియంలోనే కూర్చుని చూశారు. ఈసారి మోగింది ఎగుక్గా, కొరియా గీతం.

కథ ఇక్కడ ఆపితే బాగుండేది. కానీ ఎగుక్గా అనే పేరుతో అప్పట్లో రెండు పాటలుండేవి, ఒకటి దక్షిణానిది, ఒకటి ఉత్తరానిది. 1991లో జపాన్‌లోని చిబాలో టేబుల్ టెన్నిస్ ప్రపంచ పోటీలకి రెండు కొరియాలూ ఒకే జట్టుగా వెళ్ళినప్పుడు ఆ రెండూ పక్కన పెట్టి, అరిరాంగ్ అనే జానపద పాటని గీతంగా పెట్టుకున్నారు. అమ్మాయిలు చైనాని ఓడించి బంగారం గెలిచారు, అరిరాంగ్ మోగింది, అదీ జపాన్ గడ్డ మీద. 2008లో మాత్రం ప్యాంగ్యాంగ్‌లో జరగాల్సిన ఫుట్‌బాల్ ప్రపంచ కప్ అర్హత మ్యాచ్ చివరికి షాంఘైకి మారింది. దక్షిణ కొరియా పాట తమ గడ్డ మీద మోగడానికి, జెండా ఎగరడానికి ఉత్తర కొరియా ఒప్పుకోలేదు. ఒకప్పుడు సోన్ తన పాట మోగలేదని తల వంచుకున్నారు. ఈసారి ఆయన మనుషుల్లోనే ఒకరు ఇంకొకరి పాటని మోగనివ్వలేదు. అది చూడ్డానికి ఆయన లేరు, 2002 నవంబర్ 15న పోయారు. తేజోన్ జాతీయ శ్మశానంలో సమాధి ఉంది.

ఆ మొక్కేమైందంటారా? ఆయన దాన్ని సియోల్ తీసుకొచ్చి తన స్కూల్ ఆవరణలో నాటారు. స్కూలు తర్వాత వేరే చోటికి మారిపోయింది, ఆ స్థలం ఇప్పుడు సోన్ కీ జంగ్ పార్క్. సియోల్ రైల్వే స్టేషన్ నుంచి నడిచి వెళ్ళగలిగేంత దూరం. చెట్టు బాగా ఎత్తు పెరిగింది. ఇప్పుడది ఎవరి ఛాతీకీ అడ్డం పట్టేంత చిన్నది కాదు.